కొంగ గుర్తు సైకిలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేశారు. హాస్టల్లో తిన్న నీళ్ళచారు గురించి, రేకు పెట్టెల గురించి, వార్డెను గారి విజిల్ గురించి నాకన్నా బాగా రాయగలవాళ్ళు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. ఏటా రాస్తూనే ఉన్నారు, నేనూ చదివి నవ్వుకుంటూనే ఉన్నాను. అందుకని నేను ఇంకో సంగతి రాస్తాను. సైకిలు బీబీ గురించి. ఇందులో ఇనుప సామాను కాస్త ఎక్కువగా ఉంటుంది. ఓపిక పట్టి చదవండి.

బీబీ అంటే రెండు పెడళ్ళ మధ్య, ఫ్రేము అడుగున అడ్డంగా ఉండే లావుపాటి గొట్టం, దాని లోపలి సామాను. సీటు కింది నుంచి వచ్చే గొట్టం, ముందు నుంచి ఏటవాలుగా వచ్చే గొట్టం, వెనక చక్రం నుంచి వచ్చే రెండు సన్న గొట్టాలు అన్నీ అక్కడే కలుస్తాయి. లోపల ఒక ఇరుసు, అటొక కప్పు ఇటొక కప్పు, కప్పుల్లో బాల్సు. మనం తొక్కే బరువంతా మోసేది ఆ బాల్సే. పాత సైకిళ్ళకు ఒక్కో వైపు పావంగుళం బాల్సు 11, మొత్తం 22. ఇరవై రెండు చిన్న ఉక్కు గోళీల మీద మా ఇల్లు నడిచిందంటే మీకు అతిశయోక్తిగా ఉండొచ్చు. మా నాయన ఉప్పు అమ్మేవాడు.

చినగంజాం ఉప్పు కొఠార్ల నుంచి ఉప్పు తెచ్చుకుని, సైకిలు మీద కట్టి, పడమటి పల్లెల్లో తిరిగి అమ్మేవాడు. క్యారేజి మీద ఒక బస్తా, ఫ్రేము మధ్యలో అర బస్తా. అంతా కలిపి వంద కిలోలకు అటూ ఇటూగా ఉండేది. డబ్బులిచ్చేవాళ్ళు తక్కువ. వడ్లో, జొన్నలో, మిరపకాయలో ఇచ్చేవాళ్ళు. పోయేటప్పుడు ఉప్పు, వచ్చేటప్పుడు గింజలు. సైకిలు ఖాళీగా నడిచిన రోజు నేను చూడలేదు.

ఆ సైకిలు మామూలు సైకిలు కాదు. ఇంగ్లండు ర్యాలీ. రిటైరైన ఒక పోస్టుమాను దగ్గర 120 రూపాయలకు కొన్నాడట, నేను పుట్టకముందు. ముందు హ్యాండిలు కింద ఇత్తడి బిళ్ళ, దాని మీద కొంగ తల, కింద నాటింగ్‌హామ్ అని ఇంగ్లీషు అక్షరాలు. చైన్ వీలులో కూడా మూడు కొంగ తలలు ఉండేవి. చక్రం తిరుగుతుంటే కొంగలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్లు కనిపించేవి. మా పల్లెలో దాన్ని కొంగ సైకిలు అనేవాళ్ళు. ర్యాలీ అనేది అసలు మనిషి పెట్టిన కంపెనీ పేరు కూడా కాదు. నాటింగ్‌హామ్‌లో ఒక వీధి పేరు. 1880లలో ఆ వీధిలో ఉన్న చిన్న వర్క్‌షాపును ఫ్రాంక్ బౌడెన్ అనే ఆయన కొని పెంచి పెద్దది చేశాడు. తర్వాత మన దేశంలోనే ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ పేరుతో సైకిళ్ళు తయారయ్యాయి. నాయనది అంతకు ముందుది, ఓడలో వచ్చింది. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది కాబట్టి గుర్తు పెట్టుకోండి.

ఉప్పు బస్తా నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. ఆ ఉప్పునీళ్ళు సీటు గొట్టం వెంబడి దిగి అన్నిటికన్నా కిందనున్న బీబీలో నిలబడతాయి. ఇనుముకు అంతకంటే శత్రువు లేదు. నాయన బీబీ మీదుండే చిన్న మూత తెరిచి అప్పుడప్పుడు ఆముదం పోసేవాడు. ఆముదం కొత్తలో బాగానే ఉంటుంది. తర్వాత దుమ్ముతో కలిసి జిగురై, ఎండి, తారులాగా అవుతుంది. లోపల ఉప్పు, తుప్పు, తారు. పైన వంద కిలోలు. ఆ బీబీ అన్నేళ్ళు ఎలా మోసిందో నాటింగ్‌హామ్ వాళ్ళకే తెలియాలి.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, 1987 ఫిబ్రవరిలో, అది మొరాయించింది. పబ్లిక్ పరీక్షలకు ఇంకా ఆరు వారాలుంది. ఆదివారం నాడు నాయన నన్ను చూడ్డానికి హాస్టలుకు వచ్చాడు. గేటు దగ్గరకు రాకముందే టక్కు టక్కుమని శబ్దం వినిపించింది. పెడల్ ఒక్కో చుట్టుకు ఒక్కో దెబ్బ. నాయన సైకిలు తొక్కుతూ రాలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. దారిలో చైను ఏడుసార్లు ఊడిందట.

అప్పటికే సైకిలు షాపులో చూపించాడు. షాపతను విప్పి, కొత్త కప్పు ఎక్కించబోతే రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. ఇంకో కప్పు పెట్టాడు, అదీ అంతే. "గొట్టంలో మర పోయింది. ఫ్రేము మార్చాల్సిందే. పాత ఇనుము కింద ఇస్తే తీసుకుంటా" అన్నాడట. కొత్త ఫ్రేము కొనే తాహతు మాకు లేదు.

నాయన నా పక్కన మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "పెద్దోడా, పరీచ్చలు అయ్యేదాకా ఎట్టోకట్ట లాగుతా. తరవాత నువ్వు గూడా రావాల మరి. మిరపకోతలకి ఇద్దరం పోతే కొత్తది కొనొచ్చు." ఆయన గొంతులో కోపం లేదు, బాధ కూడా కనపడనివ్వలేదు. లెక్క చెప్పాడంతే. మనలో ఎంతమంది చదువులు ఇలాంటి లెక్కల దగ్గర ఆగిపోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. మా బ్యాచిలో పదో తరగతి పరీక్ష రాసి మళ్ళీ కనపడని వాళ్ళు నాకు తెలిసే తొమ్మిది మంది.

అప్పుడు మన హాస్టల్లో ఒక అన్న ఉండేవాడు. పదో తరగతి అయిపోయి ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదువుతున్నాడు. లెక్క ప్రకారం హాస్టల్లో ఉండకూడదు. వరండాలో పడుకునేవాడు, మాకు లెక్కలు చెప్పేవాడు. వార్డెను గారు చూసీ చూడనట్లు ఉండేవారు. మేమంతా ఆయన్ని ఫిట్టరన్న అనేవాళ్ళం. ఆ శబ్దం విని ఆయనే వచ్చాడు.

ముందు చేసిన పని నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. సైకిలును గోడకు ఆనించి, ఎడమ క్రాంకు ఒక చేత్తో, కుడి క్రాంకు ఒక చేత్తో పట్టుకుని పక్కకు ఊపాడు. "చూడరా, ఒక్క క్రాంకే ఊగి రెండోది కదలకపోతే కాటరు పిన్ను వదులు. రెండూ కలిసి ఊగితే బీబీ వదులు. ఈ రెండిటికీ శబ్దం ఒకటే. చాలామంది పిన్ను వదులైతే బీబీ విప్పుతారు, బీబీ వదులైతే పిన్నును బాదుతారు" అన్నాడు. మా సైకిలుకు రెండూ కలిసి ఊగాయి.

కాటరు పిన్ను అంటే క్రాంకును ఇరుసుకు బిగించే చీలలాంటిది. ఒక పక్క ఏటవాలుగా చదును చేసి ఉంటుంది, రెండో కొనకు నట్టు. దాన్ని తీయడమే ఈ పనిలో అసలు గండం. ఊరికే సుత్తితో కొడితే ఆ దెబ్బ పిన్ను నుంచి ఇరుసుకు, ఇరుసు నుంచి బాల్సుకు, బాల్సు నుంచి కప్పుకు పోతుంది. కప్పులో గుంటలు పడతాయి. అందుకని ఫిట్టరన్న హాస్టలు వెనక పడి ఉన్న బోరింగు గొట్టం ముక్క తెచ్చాడు. దాన్ని నేల మీద నిలబెట్టి, రెండో కొన క్రాంకు కింద ఆనించాడు, పిన్ను తల గొట్టం బొక్కలోకి దిగేటట్లు. అప్పుడు దెబ్బ బాల్సుకు పోదు, గొట్టం మీదుగా నేలకు పోతుంది. నట్టును పూర్తిగా తీయకుండా పిన్ను మర కొనతో సమంగా వచ్చేదాకా మాత్రమే విప్పాడు, మర చితికిపోకుండా. తర్వాత వంటమనిషి మామ కట్టెలు కొట్టే సుత్తి అడిగి తెచ్చి ఒక్కటే దెబ్బ. చిన్న చిన్న దెబ్బలు పది కొడితే పిన్ను వంగుతుందే గాని రాదు. నట్టుకు కిరసనాయిలు పెట్టి రాత్రంతా నానబెట్టిన తర్వాత కొట్టాడనుకోండి. నాయన ఆ రాత్రి మన వరండాలోనే పడుకున్నాడు.

ఎడమ కప్పు విప్పితే సంగతి తేలింది. ఆ కప్పును కదలకుండా పట్టి ఉంచే లాక్ రింగు ఎప్పుడో ఊడిపోయింది. రింగు లేని కప్పు తొక్కేకొద్దీ కొంచెం కొంచెంగా వెనక్కు తిరిగింది. ఇరుసు ఊగింది. బాల్సు నాలుగు పగిలి ముక్కలయ్యాయి. కప్పు అంచు చిట్లింది.

కుడి కప్పు జోలికి మాత్రం ఆయన పోలేదు. "అది ఎదురు మర. తెలియక మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తుంది" అన్నాడు. ఎందుకు ఎదురు మర అని అడిగాను. పెన్సిలు తీసుకు రమ్మన్నాడు. మీరూ చేసి చూడండి. పెన్సిలును పిడికిట్లో వదులుగా పట్టుకుని, పైకొనను రెండో చేత్తో గుండ్రంగా తిప్పండి. కొన ఏ దిక్కుకు చుట్లు తిరుగుతుందో, పెన్సిలు తన చుట్టూ తాను దానికి ఎదురు దిక్కున దొర్లుతుంది. వదులుగా ఉన్న గుండ్రటి సందులో బరువు చుట్టూ తిరిగితే ఇలాగే జరుగుతుంది. అందుకే ఎడమ పెడలుకు ఎదురు మర, బీబీలో కుడి కప్పుకు ఎదురు మర. తొక్కేకొద్దీ వదులు కాకుండా ఉండటానికి. దీన్ని ఇంగ్లీషులో ప్రీసెషన్ అంటారని ఆ పేరు నేను చాలా ఏళ్ళకు ఒక పుస్తకంలో చూశాను. పెన్సిలు మాత్రం మన హాస్టల్లోదే.

కుడి కప్పు లోపల వేలు పెట్టి తడిమి చూశాడు. నున్నగా ఉంది. ఇక కావలసింది ఎడమ కప్పు, లాక్ రింగు, బాల్సు. షాపతను ఎక్కించబోయిన కొత్త కప్పును నాయన జేబులో వేసుకుని వచ్చాడు. డబ్బులిచ్చి కొన్నాడు మరి. ఫిట్టరన్న పాత కప్పును, కొత్త కప్పును పక్కపక్కన పెట్టి, మర మీద మర ఆనించి వెలుతురుకు ఎత్తి చూశాడు. మొదటి రెండు మూడు గాళ్ళు ఒకదాంట్లో ఒకటి కూర్చున్నాయి. తర్వాత తప్పిపోయాయి. మధ్యలో వెలుతురు కనిపించింది.

"బాబాయ్, మర పోలేదు. మర వేరే" అన్నాడు.

మర్నాడు ఐటీఐ నుంచి మర కొలిచే గేజి తెచ్చి చూపించాడు. మామూలుగా మన బజార్లో దొరికే హీరో, అట్లాస్, హెర్క్యులిస్ కప్పులకు అంగుళానికి 24 చుట్ల మర. ర్యాలీ వాళ్ళు మాత్రం వాళ్ళ సైకిళ్ళకు 26 చుట్లు పెట్టుకున్నారు. వేరేవాళ్ళ సామాను పట్టకుండా అలా చేశారో, మరి ఎందుకో గాని, వాళ్ళ లెక్క వాళ్ళది. ఒక చుట్టుకూ ఒక చుట్టుకూ ఉన్న తేడా మిల్లీమీటరులో పన్నెండో వంతు. నోటు పుస్తకం కాగితమంత మందం కూడా ఉండదు. ఆ కాగితమంత తేడాకు మంచి ఫ్రేము పాత ఇనుమై పోయేది, నేను మిరపకోతలకు పోయేవాణ్ణి.

షాపతను మోసం చేశాడని నేను అనను. ఆయన దగ్గరున్న కప్పులన్నీ 24 మరవే. ఏది పెట్టినా పట్టలేదు కాబట్టి గొట్టంలో తప్పుందనుకున్నాడు. చేతిలో ఉన్న కొలతకు సరిపోనిదాన్ని చెడిపోయిందనడం లోకంలో ఉన్నదే. మనల్ని కూడా బళ్ళో కొందరు అలాగే అన్నారు.

26 మర కప్పు ఎక్కడ దొరకాలి? ఫిట్టరన్న, నాయన ఇద్దరూ బస్సెక్కి చీరాల పోయి పాత ఇనుము కొట్లు వెతికారు. నాకు క్లాసు ఉంది, పోనివ్వలేదు. సాయంత్రానికి వచ్చారు. విరిగిపోయిన ఒక ర్యాలీ ఫ్రేము దొరికిందట, బీబీలో కప్పూ రింగూ అలాగే ఉన్నాయట. కొట్టతను ఫ్రేము మొత్తం కొనాలన్నాడట. బేరమాడి, అక్కడే విప్పుకుని, కప్పూ రింగూ మాత్రం తెచ్చారు. ఎంతయిందో నాయన చెప్పలేదు. ఆ నెల నాకు తెస్తానన్న చెప్పులు రాలేదు కాబట్టి సుమారుగా తెలుసు.

బిగించిన పద్ధతి కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. గొట్టం లోపలి తారును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పుల్లతో గీకి శుభ్రం చేశాం. కప్పుల నిండా గ్రీసు మెత్తి, అందులో బాల్సు ఒక్కొక్కటే గుచ్చాం, గ్రీసే జిగురులాగా పట్టుకుంటుంది. పదకొండు పెట్టాక కాస్త సందు మిగులుతుంది. పన్నెండోది పట్టేలాగే ఉంటుంది, పెట్టకూడదు. బాల్సు ఒకదాన్నొకటి రాసుకోకుండా దొర్లడానికి ఆ సందు ఉండాలి. పాత బాల్సులో బాగున్నవి ఏరి కొత్తవాటితో కలపకూడదు. కంటికి ఒకటే అనిపించినా పాతవి అరిగి ఉంటాయి, అప్పుడు బరువంతా కొత్తవాటి మీద పడుతుంది. ఇరుసుకు రెండు కొనలూ ఒక్క పొడవు ఉండవు, పొడవైనది చైను వైపు రావాలి.

కప్పు బిగించడం చేతివాటం. ఊగు పోయేదాకా బిగించి, ఇరుసును వేళ్ళతో తిప్పితే ఎక్కడా గరగరమనకుండా ఉండేటట్లు వెంట్రుకవాసి వెనక్కు తీయాలి. ఇక్కడే అందరికీ చికాకు వచ్చేది. లాక్ రింగు బిగించేటప్పుడు కప్పు కూడా దాంతోపాటు కాస్త తిరుగుతుంది. అందుకని కప్పును కదలకుండా పట్టుకుని రింగు బిగించాలి, మళ్ళీ చూడాలి, మళ్ళీ విప్పాలి. ఫిట్టరన్న ఆరుసార్లు విప్పి బిగించాడు. ఏడోసారికి ఇరుసు నీళ్ళలో తిరిగినట్లు తిరిగింది. కాటరు పిన్నులు ఒకదానికొకటి ఎదురుగా పెట్టాలి, రెండూ ఒకే వైపు పెడితే క్రాంకులు ఒక వరసలో రావు. పిన్ను కూర్చున్నాక పది కిలోమీటర్లు తొక్కి మళ్ళీ నట్టు బిగించాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు, పిన్ను మీద నింద వేస్తారు.

ఆఖరున ఆయన లారీ ట్యూబు ముక్క ఒకటి కోసి, ఉప్పు బస్తా కిందుగా వేలాడేటట్లు క్యారేజికి కట్టాడు, నీళ్ళు బీబీ మీదకు కారకుండా పక్కకు పోవడానికి. నా ఉద్దేశంలో మొత్తం రిపేరులో గొప్ప పని అదే. కప్పు మార్చడం ఎవరైనా చేస్తారు. కప్పు ఎందుకు పోయిందో చూసి దానికి అడ్డం పెట్టడం ఫిట్టరు చేసే పని.

మంగళవారం తెల్లవారుజామున నాయన బయలుదేరాడు. శబ్దం లేదు. మా నాయన సైకిలు శబ్దం లేకుండా పోవడం అదే మొదటిసారి చూడ్డం. గేటు దాటాక ఆయన ఒకసారి ఆగి, కిందకు వంగి చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చైను ఊడిందేమో అనుకున్నాడట.

ఇంకో సంగతి చెప్పాలి. నాయన తిరిగే ఊళ్ళలో కొన్నిట్లో పెద్దవాళ్ళ వీధి వచ్చేసరికి సైకిలు దిగి నడిపించుకుంటూ పోవలసి వచ్చేది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగుర్ని చంపిన తర్వాత, పల్లెవాళ్ళు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నప్పుడు, నాయన ఒక బస్తా ఉప్పు ఆ శిబిరంలో దించి వచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. ఆ వైపు ఊళ్ళకు చాలా నెలలు పోలేదు. మళ్ళీ పోవడం మొదలుపెట్టాక దిగడం మానేశాడు. ఎవరైనా అడిగితే, "బీబీ లూజయ్యా, దిగితే మళ్ళీ ఎక్కలేను, చైను ఊడుద్ది" అనేవాడట. ఫిట్టరన్న బాగుచేశాక కూడా కొన్నాళ్ళు ఆ మాటే చెప్పాడు. తర్వాత ఏమీ చెప్పకుండానే తొక్కుకుంటూ పోయాడు. ఈ సంగతి నాకు మా అమ్మ చెప్పింది. నాయన ఎప్పుడూ చెప్పలేదు.

నేను మార్చిలో పరీక్షలు రాశాను. ఫస్టు క్లాసు రాలేదు, సెకండు క్లాసు వచ్చింది. జూన్‌లో ఇంటర్‌లో చేరాను. మిరపకోతలకు సెలవుల్లో పోయాను గాని చదువు మానుకుని పోలేదు. సైకిలు ఉప్పు మోస్తూ ఇంకో పదకొండేళ్ళు నడిచింది. తర్వాత ప్యాకెట్టు ఉప్పు ఊరూరికీ వచ్చింది, నాయనకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. రెండూ ఒకేసారి రావడం ఒకందుకు మంచిదే అనేవాడు. ఫిట్టరన్న ఉద్యోగం వచ్చి ఉత్తరాదికి వెళ్ళాడు. ఇప్పుడు రిటైరయ్యాడు, మనవళ్ళకు సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. ఈమధ్య సైకిళ్ళలో బీబీ విప్పే పనే లేదని ఫోనులో విసుక్కున్నాడు. బేరింగులతో కలిపి ఒక్క ముక్కగా మూసేసి వస్తుంది. పోతే మొత్తం తీసి పారేసి కొత్తది పెట్టడమే. నాకైతే అందులో తప్పేమీ కనపడలేదు, నీళ్ళు పోవు, నూనె అక్కర్లేదు. ఆయన ఒప్పుకోలేదు.

నాటింగ్‌హామ్‌లో ర్యాలీ సైకిళ్ళ తయారీ 2002లో ఆగిపోయింది. మన అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, పని ఆపేసింది. నాయన కూడా లేరు. సైకిలు మా ఇంట్లో ఉంది. నిరుడు వేసవిలో బీబీ విప్పి చూశాను. చీరాల కప్పు నున్నగానే ఉంది. బాల్సు ఇరవై రెండూ మార్చి, గ్రీసు పెట్టి బిగించాను. నాకు తొమ్మిదిసార్లు పట్టింది.

ఆ పని కోసం వెతికినప్పుడు 26 మర ఎడమ కప్పులు రెండు, లాక్ రింగు ఒకటి అదనంగా దొరికాయి. నా దగ్గర దాచి ఉంచాను. మీ ఇళ్ళలో తాతలదో నాయనలదో కొంగ గుర్తు సైకిలు మూలన పడి ఉంటే, కప్పు పట్టడం లేదని పాత ఇనుముకు వేయకండి. ముందు పాత కప్పు మర పక్కన స్కేలు పెట్టి చుట్లు లెక్కపెట్టండి. అర అంగుళంలో పన్నెండు వస్తే బజార్లోనే దొరుకుతుంది. పదమూడు వస్తే వార్షికోత్సవం రోజు వచ్చేటప్పుడు పాత కప్పు జేబులో వేసుకుని రండి. నేను వంటశాల వెనక, నీళ్ళ తొట్టి దగ్గర ఉంటాను.